మూడో డివిజన్‌లో మా అమ్మాయి

మన ఇళ్ళలో 'డివిజన్' అనే మాట వెనుక పెద్ద చరిత్రే ఉంది. పరీక్షల్లో ఫస్ట్ డివిజన్ వస్తే వీధిలో మిఠాయి పంచేవారు. సెకండ్ డివిజన్ వస్తే బంధువులు పలకరించి ఊరుకునేవారు. థర్డ్ డివిజన్ అంటే మాత్రం ఏదో గట్టెక్కాడులే అని ఆ సంగతి అక్కడితో ఆపేసేవారు. అందువల్ల మా అమ్మాయి అమెరికాలో ఒక కళాశాల సాఫ్ట్‌బాల్ జట్టులో చేరిందనీ, ఆ కళాశాల 'డివిజన్ త్రీ'కి చెందినదనీ నరసరావుపేటకు ఫోను చేసి చెప్పినప్పుడు అవతలి నుంచి కాసేపు మాట రాలేదు. ఆ తరువాత మా అమ్మాయి నానీమా, "పోనీలే బేటా, ఇన్షా అల్లాహ్ వచ్చే ఏడు ఇంకా బాగా ఆడుతుంది" అని తిరిగి మమ్మల్నే ఓదార్చారు. హైదరాబాదులో ఉన్న మామూ ఇంకొంచెం లోకజ్ఞానం కలవారు. "స్పోర్ట్స్ కోటాలో సీటు వచ్చిందన్న మాట. ఫీజంతా మాఫీయేనా?" అని అడిగారు. కోటా లేదు, మాఫీ లేదు అని చెప్పేసరికి ఆయనకు విషయం బొత్తిగా అంతుబట్టలేదు. పై డివిజన్ విశ్వవిద్యాలయం ఒకటి రమ్మని పిలిచినా మా అమ్మాయి వెళ్ళలేదన్న సంగతి ఆ రోజు మేము ఆయనకు చెప్పలేదు.

ఆ ప్రశ్నలకు ఫోనులో రెండు ముక్కల్లో జవాబు చెప్పడం కుదరదు. ఇక్కడైతే తీరికగా చెప్పవచ్చును.

ముందు ఆట గురించి కొంచెం చెప్పాలి. సాఫ్ట్‌బాల్ అనే పేరును నమ్మితే దెబ్బ తగులుతుంది. 1887లో షికాగో నగరంలోని ఒక పడవల క్లబ్బు హాలులో, చలికాలంలో బేస్‌బాల్‌ను నాలుగు గోడల మధ్య ఆడుకోవడానికి పుట్టిన ఆట ఇది. మొదటి బంతి తాడుతో బిగించి కట్టిన బాక్సింగ్ గ్లవ్ అనీ, మొదటి బ్యాటు చీపురు కర్ర అనీ చెబుతారు. ఇప్పటి బంతిలో ఆ మెత్తదనం ఏమీ మిగలలేదు. దాని చుట్టుకొలత 12 అంగుళాలు. అది క్రికెట్ బంతికంటే పెద్దది, బరువైనది కూడా. 43 అడుగుల దూరంలో నిలబడిన పిచ్చర్, చేతిని గిర్రున తిప్పి నడుము దగ్గరి నుంచి ఆ బంతిని విసిరితే, కళాశాల స్థాయిలో అది గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. బ్యాటు పట్టుకున్న పిల్లకు ఆలోచించడానికి అర సెకను కూడా మిగలదు. మా అమ్మాయిది సెకండ్ బేస్ స్థానం. ఆట దుస్తులు మోకాళ్ళ కిందికి దిగే ప్యాంటు, పొడవాటి మేజోళ్ళు. దానికి తోడు లోపల నిండు చేతుల చొక్కా, హెల్మెట్ కింద బిగుతైన హిజాబ్ వేసుకుంటుంది. ఈతకొలనుతోనో జిమ్నాస్టిక్స్‌తోనో పోలిస్తే దుస్తుల విషయంలో ఈ ఆట మాకు పెట్టిన చిక్కు చాలా తక్కువ. తొమ్మిదో ఏట పార్కులో మొదలైన సరదా ఇంతకాలం నిలవడానికి ఇదీ ఒక కారణమని మా ఊహ.

అమెరికా కళాశాలల్లో ఆడపిల్లల ఆటలు విస్తరించడానికి 1972 నాటి ఒక చట్టం బలమైన పునాది. కేంద్ర ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థలు స్త్రీపురుషుల మధ్య భేదం చూపరాదన్నది దాని సారం. చదువుతోపాటు ఆట మైదానం కూడా ఆ చట్టం పరిధిలోకి వచ్చింది. కళాశాలల క్రీడలను నడిపే జాతీయ సంస్థ ఎన్.సి.ఎ.ఎ. 1973లో తన సభ్య సంస్థలను మూడు డివిజన్లుగా విభజించింది. 1982 నుంచి మూడింటిలోనూ మహిళల సాఫ్ట్‌బాల్ జాతీయ పోటీలు జరుగుతున్నాయి. ఈ మూడూ మన పరీక్షల మార్కుల వంటివి కావు. ఒక కళాశాల ఆటల మీద ఎంత డబ్బు పెడుతుంది, విద్యార్థి సమయంలో ఎంత భాగం ఆటకు అడుగుతుంది అన్నదానిని బట్టి ఏర్పడిన విభజన ఇది. మొదటి డివిజన్‌లో పెద్ద విశ్వవిద్యాలయాలు, టెలివిజన్ ప్రసారాలు, క్రీడా స్కాలర్‌షిప్పులు ఉంటాయి. రెండవ దానిలో స్కాలర్‌షిప్పులు ఉన్నా పరిమితం. మూడవ దానిలో ఆట కోసం ఒక్క డాలరు కూడా ఇవ్వరాదని నియమం. చదువులో ప్రతిభకూ కుటుంబ అవసరానికీ ఇచ్చే సహాయం మాత్రం ఆడేవారికీ ఆడనివారికీ ఒకే కొలతతో అందాలి. మూడింటిలో ఎక్కువ కళాశాలలు ఉన్నది ఈ మూడవ దానిలోనే, నాలుగు వందలకు పైగా. మామూకు తరువాత మేము చెప్పిన మాట ఇది: ఎం.ఐ.టి. డివిజన్ త్రీ. షికాగో విశ్వవిద్యాలయం డివిజన్ త్రీ. ఎమరీ డివిజన్ త్రీ. ఎం.ఐ.టి. పేరు వినగానే ఆయన గొంతులో గౌరవం పెరిగింది. మా అమ్మాయి చేరింది ఎం.ఐ.టి.లో కాదని రెండుసార్లు గుర్తు చేయవలసి వచ్చింది.

ఇక స్కాలర్‌షిప్పు లెక్క. 'ఆడితే చదువు ఉచితం' అనే మాట ఇక్కడి మన కుటుంబాల్లోనూ గట్టిగా నాటుకొని ఉంది. మా అమ్మాయి చేరే నాటికి డివిజన్ వన్‌లో ఒక సాఫ్ట్‌బాల్ జట్టు ఇవ్వగలిగిన పూర్తి స్కాలర్‌షిప్పులు గరిష్ఠంగా 12, డివిజన్ టూలో 7.2. జట్టులో ఇరవై మందికి పైగా ఉంటారు. కోచ్ ఆ మొత్తాన్ని ముక్కలు చేసి పంచుతారు. పేరున్న పిచ్చర్‌కు పెద్ద ముక్క, మూడో వరుసలోని పిల్లకు పుస్తకాల ఖర్చు. కొందరికి అదీ ఉండదు, జట్టులో పేరు మాత్రమే ఉంటుంది. ఈ 2025 జూన్‌లో ఒక న్యాయస్థానం ఆమోదించిన ఒప్పందంతో ఈ లెక్క మారింది. దానిలో చేరిన డివిజన్ వన్ సంస్థలు ఇకపై ఎన్ని స్కాలర్‌షిప్పులైనా ఇవ్వవచ్చును, కానీ సాఫ్ట్‌బాల్ జట్టులో 25 మందికి మించి ఉండరాదు. డబ్బు పెరిగే అవకాశం వచ్చింది, చోటు తగ్గింది. స్కాలర్‌షిప్పు లేకపోయినా పెద్ద జట్టులో ఏదో ఒక మూల నిలబడతాం అనుకునే పిల్లలకు ఇది మంచి వార్త కాదు.

మా అమ్మాయి ఉన్నత పాఠశాల చదువు కరోనా కాలంలో పడింది. కోచ్‌లు సాఫ్ట్‌బాల్ క్రీడాకారిణులతో నేరుగా మాట్లాడటానికి నియమాలు అనుమతించే తేదీ పదకొండో తరగతి సెప్టెంబరు ఒకటి. ఆ రోజు వచ్చేనాటికి డివిజన్ వన్ కోచ్‌లు ఎవరినీ ముఖాముఖి కలవకూడదన్న నిషేధం అమలులో ఉంది. అది 2020 మార్చిలో మొదలై 2021 మే నెలాఖరు దాకా సాగింది. మరోవైపు 2020 వసంతంలో ఆట ఆగిపోయిన కళాశాల క్రీడాకారిణులకు ఒక సంవత్సరం అదనంగా ఆడే అవకాశం ఇచ్చారు. అది న్యాయమే. అయితే వెళ్ళవలసిన వారు వెళ్ళకపోవడంతో వచ్చేవారికి ఖాళీలు తగ్గాయి. ఆ తరం పిల్లలు ఎందరో వీడియోలు తీసి కోచ్‌లకు పంపుతూ, జవాబు కోసం ఫోను చూస్తూ గడిపారు. మా ఇంట్లోనూ అంతే. గరాజ్ గోడకు బంతి తగిలే చప్పుడు ఫజ్ర్ తరువాత మొదలయ్యేది.

చివరకు మా అమ్మాయి ముందు మూడు దారులు నిలిచాయి. పక్క రాష్ట్రంలోని ఒక డివిజన్ వన్ విశ్వవిద్యాలయం స్కాలర్‌షిప్పు లేకుండా జట్టులో చోటు ఇస్తామన్నది. ఒక డివిజన్ టూ కళాశాల ఫీజులో నాలుగో వంతు భరిస్తామన్నది. ఒహాయోలోనే, మా ఇంటికి గంట ప్రయాణంలో ఉన్న ఒక చిన్న డివిజన్ త్రీ కళాశాల ఆటకు ఏమీ ఇవ్వలేమనీ, మార్కులకు తగిన సహాయం ఇస్తామనీ చెప్పింది. మా ఇంట్లో ఈ విషయం మీద నెల రోజులపాటు వాదన నడిచింది. పెద్ద పేరును వదులుకోవడం తేలిక కాదు. ఆ విశ్వవిద్యాలయం పేరు నరసరావుపేటలో చెబితే గుర్తుపట్టేవారు ఉంటారు. చిన్న కళాశాల పేరు ఇక్కడి పక్క జిల్లాలో చెప్పినా "ఎక్కడుంది?" అని అడుగుతారు.

మేము చూస్తూ ఉండగా మా అమ్మాయి ముగ్గురు కోచ్‌లనూ రెండే ప్రశ్నలు అడిగింది. నేను ఎన్నో ఏడు మైదానంలోకి దిగుతాను? నేను రసాయనశాస్త్రం తీసుకుంటే మధ్యాహ్నం ప్రయోగశాల తరగతులు ఎలా? డివిజన్ వన్ కోచ్ నిజాయితీగల మనిషి. "బహుశా మూడో ఏడు. అంతకుముందు మాట ఇవ్వలేను. ప్రయోగశాల తరగతులు ఉదయానికి మార్చుకోవలసి ఉంటుంది, కుదరకపోతే వేరే సబ్జెక్టు ఆలోచించాలి" అన్నారు. అలా దాచకుండా చెప్పినందుకు ఆవిడ అంటే మాకు ఇప్పటికీ గౌరవం. చిన్న కళాశాల కోచ్ జవాబు వేరు. "మంగళవారం ల్యాబ్ ఉంటే ఐదింటికి రా. మా వాళ్ళలో సగం మందికి ఏదో ఒక రోజు ల్యాబ్ ఉంటుంది. మొదటి ఏడే ఆడతావో లేదో నీ చేతుల్లో ఉంది." ఇంటికి వచ్చే దారిలో కారులో మా అమ్మాయి అన్న మాట: "నేను ఆడటానికి వెళ్తాను. ఆడేవాళ్ళను చూడటానికైతే టికెట్ కొనుక్కోవచ్చు కదా."

ఈ మాటలో అహంకారం ఉందేమోనని మేము కొంత ఆలోచించాము. లేదనే అనిపించింది. పన్నెండేళ్ళ వయసు నుంచి శని ఆదివారాలు ఊరూరా తిరిగి ఆడిన పిల్లకు మిగిలింది నాలుగే నాలుగు సంవత్సరాలు. ఆడపిల్లలకు సాఫ్ట్‌బాల్‌లో జీవనోపాధి దాదాపు లేదు. 2025లో మొదలైన కొత్త వృత్తి లీగులో ఆ ఏడాది ఉన్నవి నాలుగు జట్లు. ఒలింపిక్స్‌లో ఈ ఆట 1996 నుంచి 2008 దాకా ఉండి పోయింది, టోక్యోలో ఒకసారి తిరిగి వచ్చి పారిస్‌లో మళ్ళీ లేకుండా పోయింది, 2028లో మళ్ళీ రానున్నది. దేశమంతటా కళాశాలల్లో ఆడే వేలాది మందిలో అక్కడికి చేరేది వేళ్ళమీద లెక్కించదగినంతమంది. మిగిలిన వారందరికీ ఇరవై రెండో ఏట ఒక సాయంకాలం ఆట ముగుస్తుంది. ఆ నాలుగేళ్ళలో రెండు బెంచీ మీద గడపాలా అన్నది మా అమ్మాయి ప్రశ్న. ఆట ముగిసిన మరునాటి ఉదయం చేతిలో ఏ చదువు ఉంటుంది అన్నది మా ప్రశ్న. రెండు ప్రశ్నలకూ ఒకే కళాశాల జవాబుగా దొరకడం అల్లాహ్ దయ.

సమయం గురించి ఒక మాట. డివిజన్ వన్‌లో సీజన్ సాగే కాలంలో సాధన, ఆట కలిపి వారానికి 20 గంటలకు మించరాదని నియమం. వినడానికి బాగానే ఉంది. ప్రయాణపు గంటలు ఆ లెక్కలోకి రావు. అక్కడ సీజన్‌లో 56 ఆటల దాకా ఆడవచ్చును, దూర రాష్ట్రాలకు విమానాల్లో వెళ్ళాలి. డివిజన్ త్రీలో పరిమితి 40 ఆటలు, ఎక్కువ భాగం బస్సులోనే, శనివారం ఒకే మైదానంలో వెనువెంటనే రెండేసి ఆటలు. సీజన్ బయట తప్పనిసరి సాధనలు పెట్టే వీలు కోచ్‌కు లేదు. అందుకని ఇక్కడ ఆట సులువు అనుకోకూడదు. మార్చిలో ఫ్లోరిడాలోని క్లెర్‌మాంట్‌కు వెళ్ళి వారం రోజుల్లో పది ఆటలు ఆడి వచ్చిన పిల్ల ముఖం చూస్తే ఆ మాట ఎవరూ అనరు.

రమజాన్ విషయం ప్రత్యేకంగా చెప్పాలి. సాఫ్ట్‌బాల్ సీజన్ ఫిబ్రవరి నుంచి మే దాకా. 2023లో రమజాన్ మార్చి చివరిలో వచ్చింది, 2024లో మార్చి రెండో వారంలో, 2025లో మార్చి ఒకటిన. అంటే మూడు సీజన్లూ ఉపవాసాలతోనే గడిచాయి. మా ప్రాంతంలో మార్చి చివరికి మగ్రిబ్ దాదాపు రాత్రి ఎనిమిదింటికి. మధ్యాహ్నం ఒంటిగంటకు మొదలైన రెండు ఆటలు ఐదింటికో ఆరింటికో ముగుస్తాయి. దూరపు ప్రయాణాల్లో ప్రయాణికులకు ధర్మం ఇచ్చిన సడలింపును మా అమ్మాయి వాడుకొని, ఆ ఉపవాసాలను శీతకాలపు చిన్న పగళ్ళలో పూర్తి చేస్తుంది. సొంత మైదానంలో ఆడే రోజుల్లో మాత్రం ఉపవాసం ఉంటానని మొదటి ఏడే కోచ్‌తో చెప్పింది. ఆవిడ పాపం ఈ విషయం ముందెన్నడూ వినలేదు. "నీళ్ళు కూడానా?" అని అడిగారు. అందరూ అడిగేదే. తరువాత ఆవిడే జట్టు వైద్య సహాయకురాలితో కలిసి కూర్చొని, ఉపవాసం ఉన్న రోజు మా అమ్మాయిని ఏ ఆటలో ఎంతసేపు ఉంచాలో, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే కూర్చోబెట్టాలో రాసి పెట్టుకున్నారు. ఒకసారి ఐదో ఇన్నింగ్సులో కూర్చోబెట్టారు కూడా. మా అమ్మాయి అలిగింది. కోచ్ వినలేదు. కోచ్ చేసిందే సరి అని మా అభిప్రాయం.

రెండు ఆటల మధ్య అరగంట విరామంలో నమాజు. డగౌట్ వెనుక, పనిముట్ల గది నీడలో చిన్న పచ్చిక ఉంది. మొదటి సీజన్‌లో తోటి పిల్లలు దూరంగా నిలబడి చూసేవారు. మరుసటి ఏడు నుంచి వాళ్ళలో ఒకరు ఆ చోట ఆట సంచులు పెట్టకుండా ఇతరులను ఆపుతూ ఉండటం మేము గమనించాము. ఇరవై మంది ఉన్న జట్టు, రెండు వేల మంది కూడా లేని కళాశాల. అక్కడ ఒక పిల్ల అలవాటు అందరికీ తెలుస్తుంది. ఇది పెద్ద విశ్వవిద్యాలయంలో జరగదని మేము అనము. అక్కడా మంచి కోచ్‌లున్నారు, అక్కడ ముస్లిం విద్యార్థి సంఘాలు చాలా పెద్దవి కూడా. మా అమ్మాయి కళాశాలలో జుముఅకు గుమిగూడేది పదిహేను మంది.

జట్టులోని ఇతర పిల్లల కారణాలు వింటే ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఒక అమ్మాయిది పాడి పశువుల కుటుంబం, తండ్రికి ఒంట్లో బాగుండదు, ఆదివారం ఇంటికి వెళ్ళి పాలు పితకాలి. ఇంకొకరు నర్సింగు చదువుతూ ఆసుపత్రి శిక్షణకు వెళ్తారు, పెద్ద జట్ల సాధన వేళలతో అది పొసగలేదు. ఒక పిచ్చర్ డివిజన్ వన్‌లో ఒక ఏడు ఆడి, భుజానికి శస్త్రచికిత్స అయ్యాక ఇక్కడికి వచ్చింది. "అక్కడ నా భుజం బాగుందా అని రోజూ అడిగేవారు, నేను బాగున్నానా అని మాత్రం అడగలేదు" అన్న ఆ పిల్ల మాట మా మనసులో ఉండిపోయింది. సాఫ్ట్‌బాల్‌తోపాటు కళాశాల వాద్యబృందంలో క్లారినెట్ వాయించాలని వచ్చిన పిల్ల ఒకరు. మరొకరు మాత్రం ఏ ముసుగూ లేకుండా, "పై డివిజన్‌లో నన్నెవరూ పిలవలేదు" అంటుంది. అదీ కారణమే. ఆ పిల్లే నిరుటి సీజన్‌లో జట్టుకు ఎక్కువ పరుగులు తెచ్చింది.

చిన్న కళాశాలల్లో అంతా తేనె కాదు. ప్రైవేటు డివిజన్ త్రీ కళాశాలల్లో చాలావాటి ప్రకటిత ఫీజు చూస్తే కళ్ళు తిరుగుతాయి. అది వారు చివరకు అడిగే మొత్తం కాదు, కానీ ఏ కుటుంబానికి ఎంత తగ్గిస్తారో లేఖ చేతికి వచ్చేదాకా తెలియదు. మాకు వచ్చిన తగ్గింపు డివిజన్ టూ ఇస్తానన్న నాలుగో వంతు కంటే ఎక్కువే. అయినా మా రాష్ట్రంలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఆట లేకుండా చదివితే అయ్యే ఖర్చుతో పోలిస్తే ఏటా కొన్ని వేల డాలర్లు అదనంగా పడుతున్నది. వడ్డీ అప్పు చేయకూడదని ముందే అనుకున్నాము కనుక ఆ మొత్తం కోసం ఇంటి మరమ్మతులు, ఊరి ప్రయాణం వాయిదా వేశాము. కొన్ని చిన్న కళాశాలలు విద్యార్థుల సంఖ్య నింపుకోవడానికే జట్లను పెద్దవి చేస్తాయని కూడా తల్లిదండ్రులు తెలుసుకోవాలి. పద్దెనిమిది మంది ఆడే చోట ముప్పై ఐదు పేర్లు కనబడితే కారణం అడగాలి.

అంతకన్నా పెద్ద భయం ఒకటి ఉంది. కళాశాలే మూతపడవచ్చు. అలబామాలోని బర్మింగ్‌హామ్-సదర్న్ కళాశాల 2024 మే 31న శాశ్వతంగా మూతపడింది. సరిగ్గా అదే రోజున దాని బేస్‌బాల్ జట్టు ఒహాయోలో డివిజన్ త్రీ జాతీయ పోటీలలో ఆడుతున్నది. తమ కళాశాల లేకుండా పోయిన తరువాత కూడా ఆ పిల్లలు ఆ చొక్కాలతోనే మైదానంలో నిలిచారు. ఆ వార్త చదివాక మేము మా అమ్మాయి కళాశాల ఆర్థిక నివేదికలు వెదికి చదివాము. ఎవరైనా చేరకముందే చదవడం మేలు.

ఆట ప్రమాణం గురించి అడిగేవారికి చెప్పేది ఒకటే. టఫ్ట్స్ విశ్వవిద్యాలయం జట్టు 2013, 2014, 2015 సంవత్సరాల్లో వరుసగా మూడుసార్లు డివిజన్ త్రీ ఛాంపియన్‌గా నిలిచింది. అలాంటి జట్ల ఆట చూసినవారు 'మూడో రకం' అనే మాట ఎత్తరు. అయితే డివిజన్ వన్ శిఖరాన ఉన్న జట్లతో వీటికి పోలిక లేదు. అక్కడి పిచ్చర్ విసిరే బంతి వేరే లోకానిది. మా అమ్మాయికి అది తెలుసు. ఓక్లహోమా సిటీలో జరిగే ఆ పోటీలను ఏటా సోఫాలో కూర్చొని నోరు తెరుచుకొని చూస్తుంది.

ఇప్పుడు మూడు సీజన్లు ముగిశాయి. మొదటి ఏడు పదకొండు ఆటల్లో దిగింది, రెండో ఏడు నుంచి సెకండ్ బేస్ తనదే. కర్బన రసాయనశాస్త్రం గట్టెక్కింది, ప్రయోగశాలలో ఒక ప్రొఫెసరు దగ్గర వేసవి పని దొరికింది. వచ్చే సీజన్ చివరిది. 2026లో రమజాన్ ఫిబ్రవరి మూడో వారంలో మొదలై, ఈద్ మార్చి 20 ప్రాంతంలో వస్తుంది. అంటే ఫ్లోరిడా ప్రయాణానికి అటో ఇటో. ఆటల పట్టిక తయారు చేస్తూ కోచ్ మొన్న మాకే ఫోను చేశారు, ఈద్ కచ్చితంగా ఏ తేదీ, ఆ రోజు మా అమ్మాయికి సెలవు రాసిపెడతాను అని. నెలవంక కనబడ్డాక చెబుతామన్నాము. అవతల కాసేపు నిశ్శబ్దం. "సరే, రెండు రోజులు పెన్సిల్‌తో రాసుకుంటాను" అన్నారు.